కామన్వెల్త్ గేమ్స్ చూడటం దండగా? ఎవరికి వారు తేల్చుకునే పద్ధతి

బెంగళూరులో ఆఫీసు క్యాంటీన్‌లోనైనా, మారతహళ్లి పీజీల్లో రాత్రి భోజనాల దగ్గరైనా కామన్వెల్త్ గేమ్స్ అని పేరెత్తండి, మనవాళ్ల నుంచి వచ్చే జవాబు ఒకటే. "చైనా లేదు, అమెరికా లేదు, జపాన్ లేదు, అందులో మెడల్ వస్తే ఎంత, రాకపోతే ఎంత?" కాస్త చరిత్ర చదివినవాళ్లయితే ఇంకో మాట కూడా కలుపుతారు: "బ్రిటిష్ వాడు ఏలిన దేశాలన్నీ కలిసి ఆడుకునే ఆటలు, మనకెందుకవి?" రెండు మాటల్లోనూ నిజం ఉంది, కాదనను. కానీ ఆ రెండు మాటలతోనే తేల్చేసి టీవీ కట్టేసేవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే అందులో కొట్టుకుపోయేది మన ఊళ్ల పిల్లల కష్టం.

2026 గేమ్స్ జులై 23 నుంచి ఆగస్టు 2 వరకు స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో. ఆ తర్వాతవి 2030లో, అహ్మదాబాద్‌లో. మొదటి గేమ్స్ 1930లో కెనడాలోని హామిల్టన్‌లో జరిగాయి కాబట్టి అప్పటికి సరిగ్గా నూరేళ్లు. అంటే ఇకమీద ఈ ఆటలు ముఖ్యమా కాదా అన్నది ఊరికే కాలక్షేపం ప్రశ్న కాదు, మన దేశం డబ్బు పెట్టబోయే ప్రశ్న. దీన్ని ఎలా తూచాలో, చూస్తే ఎలా చూడాలో నేను పాటించే పద్ధతి చెబుతాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఇవి ఇంకా ముఖ్యమే, కాకపోతే అన్ని ఆటల్లోనూ ఒకేలా కాదు, అందరికీ ఒకేలా కాదు.

ఒక్కో ఆటని విడిగా తూచండి

"కామన్వెల్త్ గేమ్స్ లెవెల్ ఎంత?" అని మొత్తంగా అడిగితే జవాబు దొరకదు. ఆట పేరు పెట్టి అడగాలి. ఆ ఆటలో ప్రపంచంలోకెల్లా గట్టివాళ్లు ఏ దేశాలవాళ్లో రాసుకోండి, వాళ్లు ఈ గేమ్స్‌లో ఉన్నారా లేరా చూడండి. పావుగంట పని, అంతే.

వెయిట్‌లిఫ్టింగ్ తీసుకోండి. చైనా లేదు, కాబట్టి పోటీ బాగా పల్చబడిపోతుంది. 2022లో బర్మింగ్‌హామ్‌లో మీరాబాయి చాను 49 కిలోల విభాగంలో మొత్తం 201 కిలోలు ఎత్తి గోల్డ్ కొట్టింది, రెండో స్థానంలో వచ్చిన మారిషస్ అమ్మాయి ఎత్తింది 172. ఇరవై తొమ్మిది కిలోల తేడా! అక్కడ మీరాబాయికి ఎదురే లేదు. క్యాంటీన్‌లో మాట్లాడేవాళ్లు ఈ ఉదాహరణ చూపిస్తే ఒప్పుకోవాల్సిందే. బాక్సింగ్‌లో ఉజ్బెకిస్తాన్, కజకిస్తాన్, క్యూబా ఉండవు, జూడోలో జపాన్, ఫ్రాన్స్ ఉండవు.

ఇప్పుడు అదే బర్మింగ్‌హామ్‌లో 3000 మీటర్ల స్టీపుల్‌ఛేజ్ (అడ్డుకర్రలు, నీళ్ల గుంట దాటుతూ పరుగెత్తే పోటీ) చూడండి. ఆ ఈవెంట్‌కి ప్రపంచంలో పుట్టిల్లు కెన్యా, ఆ కెన్యా ఈ గేమ్స్‌లో ఉంది. 1998 నుంచి 2018 దాకా వరసగా ఆరు గేమ్స్‌లో మగవాళ్ల స్టీపుల్‌ఛేజ్ మూడు మెడల్సూ కెన్యావాళ్లే పట్టుకుపోయారు. అలాంటి చోట మహారాష్ట్రలోని బీడ్ జిల్లా కుర్రాడు అవినాశ్ సాబ్లే 8 నిమిషాల 11.20 సెకన్లలో పరుగెత్తి సిల్వర్ తెచ్చాడు, గోల్డ్ గెలిచిన కిబివోట్ టైం 8:11.15. సెకనులో ఇరవయ్యో వంతు తేడా. దీన్ని పట్టుకుని "కామన్వెల్తే కదా" అనేవాళ్లకి అసలు ఆ రేసు ఒక్కసారి చూపించాలి.

స్విమ్మింగ్‌లో ఆస్ట్రేలియా ఉంది, పొట్టి పరుగుల్లో జమైకా ఉంది, ట్రాక్ సైక్లింగ్‌లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఇంగ్లండ్ ఉన్నాయి. వీటిలో మనవాళ్లు ఫైనల్ చేరినా గొప్పే. నెట్‌బాల్, లాన్ బౌల్స్ (గడ్డి మీద బంతులు దొర్లించే ఆట) అయితే ఒలింపిక్స్‌లో లేనే లేవు, వాటిని ఆడేవాళ్లకి కామన్వెల్త్ కంటే పెద్ద మల్టీ స్పోర్ట్ వేదిక లేదు. 2022లో లవ్లీ చౌబే, పింకీ, నయన్‌మోని సైకియా, రూపా రాణి టిర్కీ కలిసి లాన్ బౌల్స్ మహిళల ఫోర్స్ (నలుగురి జట్టు) ఫైనల్లో దక్షిణాఫ్రికాని 17-10తో ఓడించేదాకా మనలో ఎంతమందికి ఆ ఆట పేరు తెలుసు? వాళ్లకి అదే శిఖరం.

మెడల్ పక్కన అంకె రాసుకోండి

ఇది ఈ మొత్తం పద్ధతిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని. ఒక నోట్‌బుక్ తీసుకుని, లేదా ఫోన్‌లోనే ఒక షీట్ పెట్టుకుని, మీరు గమనించదలుచుకున్న అథ్లెట్ల పేర్లు ఐదారు రాయండి. పక్కన వాళ్ల పర్సనల్ బెస్ట్, అంటే ఇప్పటిదాకా వాళ్లు చేసినదాంట్లో అత్యుత్తమం. అథ్లెటిక్స్‌కయితే వరల్డ్ అథ్లెటిక్స్ సైట్‌లో ప్రతి అథ్లెట్ పేజీలోనూ ఉంటుంది. ఆ పక్క గడిలో గేమ్స్‌లో వాళ్లు చేసింది రాయాలి. పోటీ తేలికైనా కష్టమైనా అంకె అబద్ధం చెప్పదు.

మీరాబాయి విషయమే చూడండి. చుట్టూ పోటీ లేదు, నిజమే, కానీ ఆమె ఆ రోజు ఎత్తిన 201 కిలోలు టోక్యో ఒలింపిక్స్‌లో సిల్వర్ తెచ్చిన 202కి ఒక్క కిలో మాత్రమే తక్కువ. కాబట్టి ఆ గోల్డ్ తేలికగా వచ్చిందని అనండి, ఆమె తేలిగ్గా తీసుకుందని మాత్రం అనలేరు. లాంగ్ జంప్‌లో మురళీ శ్రీశంకర్ 8.08 మీటర్లు దూకాడు, గోల్డ్ గెలిచిన బహామాస్ జంపర్ లక్వాన్ నెయిర్న్ దూకిందీ సరిగ్గా 8.08 మీటర్లే. రెండో మంచి జంప్ ఎవరిది ఎక్కువో చూసి తేల్చారు. మెడల్ పట్టిక చూస్తే శ్రీశంకర్ పేరు పక్కన సిల్వర్ అని మాత్రమే ఉంటుంది.

అంకె రాసుకోవడం మొదలుపెట్టాక ఒక సంగతి గమనిస్తారు. ఆరో స్థానంలో వచ్చి నేషనల్ రికార్డు కొట్టిన అమ్మాయి, మీకు గోల్డ్ గెలిచినవాళ్ల కంటే ఎక్కువ గుర్తుంటుంది.

గ్లాస్గోకి 61 అనే లెక్క పెట్టుకోకండి

ఇది తప్పకుండా గుర్తుంచుకోండి, ఎందుకంటే ఆగస్టు మొదటి వారంలో వాట్సాప్ గ్రూపుల్లో "మన మెడల్స్ సగానికి పడిపోయాయి, సిగ్గుచేటు" అని గొడవ మొదలవుతుందని నా అనుమానం. 2022లో మనకి వచ్చినవి 61: గోల్డ్ 22, సిల్వర్ 16, బ్రాంజ్ 23. గ్లాస్గోలో ఖర్చు తగ్గించడానికి ఆటలని పదికి కుదించారు. ఏం తీసేశారో చూడండి: రెజ్లింగ్ (2022లో మనకి 12 మెడల్స్), టేబుల్ టెన్నిస్ (దివ్యాంగుల పారా పోటీలతో కలిపి 7), బ్యాడ్మింటన్ (6), హాకీ (2), స్క్వాష్ (2), క్రికెట్ (1). కూడితే 30. అంటే గ్లాస్గోలో పోల్చాల్సిన అంకె 31. షూటింగ్ సంగతి సరేసరి, దాన్ని 2022లోనే తీసేశారు.

మన తెలుగువాళ్లకి ఇది ఇంకా గట్టి దెబ్బ. సింధు 2014లో బ్రాంజ్, 2018లో సిల్వర్, 2022లో గోల్డ్, అలా మెట్టు మెట్టుగా ఎక్కింది. అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్, చిరాగ్ శెట్టితో కలిసి 2018లో సిల్వర్, 2022లో గోల్డ్. ఆకుల శ్రీజ, శరత్ కమల్‌తో కలిసి 2022లో టేబుల్ టెన్నిస్ మిక్స్‌డ్ డబుల్స్ గోల్డ్. శరత్ కమల్ అంటే చెన్నై అనే అందరికీ తెలుసు గానీ, ఆచంట వారి ఇంటిపేరు చూడగానే మనవాళ్లకి అర్థమైపోతుంది, తెలుగు కుటుంబమే. 2006లో మెల్‌బోర్న్‌లో సింగిల్స్ గోల్డ్ గెలిచినవాడు, పదహారేళ్ల తర్వాత నలభై ఏళ్ల వయసులో మళ్లీ అదే గోల్డ్ గెలిచాడు. అంతెందుకు, 2014లో ఇదే గ్లాస్గోలో పారుపల్లి కశ్యప్ మగవాళ్ల సింగిల్స్ గెలిచాడు, 1982లో సయ్యద్ మోదీ తర్వాత 32 ఏళ్లకి. ఇప్పుడు అదే ఊళ్లో బ్యాడ్మింటన్ లేదు. బ్యాడ్మింటన్ ఇష్టమైతే గ్లాస్గోని వదిలేసి సెప్టెంబర్ 19న జపాన్‌లోని ఐచీ-నగోయాలో మొదలయ్యే ఏషియన్ గేమ్స్ కోసం ఆగడమే మంచిది, అక్కడ చైనా, ఇండోనేషియా, కొరియా, జపాన్ అందరూ ఉంటారు, పోటీ దాదాపు ప్రపంచ స్థాయే. ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే కొన్ని ఆటలకి కామన్వెల్త్ అవసరం ఎప్పుడో తీరిపోయింది.

ఆడేవాళ్లకి ఇది ఎన్నో మెట్టు?

చూసేవాళ్ల వైపు నుంచే తూచితే సగం లెక్కే అవుతుంది. ఆడేవాళ్ల వైపు నుంచి చూడండి. నీరజ్ చోప్రా లాంటి వాళ్లకి ఏటా డైమండ్ లీగ్ అనే ప్రపంచ స్థాయి అథ్లెటిక్స్ పోటీలుంటాయి, ఒక కామన్వెల్త్ తగ్గినా కెరీర్‌కి లోటేం లేదు. మరి 2018లో ఆస్ట్రేలియాలోని గోల్డ్ కోస్ట్‌లో వెయిట్‌లిఫ్టింగ్‌లో మనకి మొదటి మెడల్ తెచ్చిన గురురాజ పూజారి? ఉడుపి జిల్లా కుందాపుర వైపు కుర్రాడు, తండ్రి ట్రక్కు డ్రైవర్. 56 కిలోల విభాగంలో సిల్వర్. అలాంటి ఇంట్లో ఒక కామన్వెల్త్ మెడల్ అంటే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం, ప్రభుత్వం ఇచ్చే నగదు, ఇంకో నాలుగేళ్లు ఆటలో కొనసాగే ధైర్యం. వరల్డ్ ఛాంపియన్‌షిప్‌లో పదో స్థానం వస్తే పేపర్లో ఒక లైను కూడా రాదు, కామన్వెల్త్‌లో బ్రాంజ్ వస్తే కలెక్టర్ ఇంటికొస్తాడు. ఇది న్యాయమా అంటే కాదేమో, కానీ మన దేశంలో క్రికెట్ కాని ఆటలు బతుకుతున్నది ఇలాగే.

అందుకే టీమ్ లిస్టు రాగానే, ఇది ఎవరికి మొదటి పెద్ద పోటీయో వెతకండి. వాళ్ల పేర్లకే మీ నోట్‌బుక్‌లో ఎక్కువ చోటివ్వండి.

పారా ఆటలు కూడా ఇక్కడే చెప్పాలి. ఒలింపిక్స్‌కి పారాలింపిక్స్ వేరు, ఏషియన్ గేమ్స్‌కి ఏషియన్ పారా గేమ్స్ వేరు. కామన్వెల్త్‌లో మాత్రం 2002 మాంచెస్టర్ నుంచి పారా అథ్లెట్ల మెడల్స్ కూడా అదే పట్టికలో, అదే రోజుల్లో, అదే స్టేడియంలో. 2022లో సుధీర్ పారా పవర్‌లిఫ్టింగ్‌లో తెచ్చిన గోల్డ్ ఆ 22లో ఒకటి, పారా టేబుల్ టెన్నిస్‌లో భవీనా పటేల్‌ది ఇంకొకటి. ఒకే పట్టిక అన్న ఈ ఒక్క కారణానికైనా నేను ఈ గేమ్స్ పక్షాన నిలబడతాను. షెడ్యూల్ చూసేటప్పుడు పారా ఈవెంట్లు దాటేయకండి.

"తెల్లవాడి ఆటలు" అన్న మాట సంగతి

దీన్ని దాటవేయకూడదు. 1930లో దీని పేరే బ్రిటిష్ ఎంపైర్ గేమ్స్. కామన్వెల్త్ గేమ్స్ అన్న ఇప్పటి పేరు 1978 నుంచి మాత్రమే. మనం 1934లో లండన్‌లో మొదటిసారి ఆడినప్పుడు, రషీద్ అన్వర్ కుస్తీలో బ్రాంజ్ గెలిచినప్పుడు మనకి స్వాతంత్ర్యం లేదు. అయితే ఆ 1934 గేమ్స్ నిజానికి జోహన్నెస్‌బర్గ్‌లో జరగాల్సినవి, నల్లజాతి, ఆసియా ఆటగాళ్లని అక్కడ ఎలా చూస్తారో అన్న భయంతో లండన్‌కి మార్చారు. 1986లో ఎడిన్‌బరాలో గేమ్స్ జరిగితే, దక్షిణాఫ్రికా వర్ణవివక్ష ప్రభుత్వం విషయంలో బ్రిటన్ మెతక వైఖరికి నిరసనగా 32 దేశాలు బాయ్‌కాట్ చేశాయి, అందులో మనమూ ఉన్నాం. అంటే పాత పాలకుడి ఆటల్లోనే పాత పాలకుడిని నిలదీసిన చరిత్ర కూడా ఉంది. 1958లో కార్డిఫ్‌లో మిల్ఖా సింగ్ 440 గజాల పరుగులో ఓడించింది దక్షిణాఫ్రికాకి చెందిన మాల్కం స్పెన్స్‌నే.

మనకి ఇంకా దగ్గరి ఉదాహరణ బాపట్ల పక్కనే ఉంది. స్టువర్టుపురం. బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం పేరుతో కొన్ని కులాలవాళ్లని పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసి, ఎరుకల కుటుంబాలని తెచ్చి పెట్టిన సెటిల్‌మెంట్ అది, పేరు కూడా హెరాల్డ్ స్టువర్ట్ అనే దొరదే. ఆ ఊరి పేరు చెబితే మా చిన్నప్పుడు పెద్దవాళ్లు ఏమనేవారో నేను మళ్లీ రాయను, ఆ జిల్లాల వాళ్లకి తెలుసు. ఆ ఊరి కుర్రాడు రాగాల వెంకట్ రాహుల్ 2018లో 85 కిలోల వెయిట్‌లిఫ్టింగ్ విభాగంలో స్నాచ్ (ఒకే ఊపులో తల మీదికి ఎత్తడం) 151, క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజాల దాకా, తర్వాత తల మీదికి) 187, మొత్తం 338 కిలోలు ఎత్తి గోల్డ్ గెలిచాడు. ఆ తర్వాత స్టువర్టుపురం అని వెతికితే నెట్‌లో వెయిట్‌లిఫ్టర్ ఫొటోలు కూడా వస్తున్నాయి. "ఎంపైర్ ఆటలు మనకెందుకు" అని ఎవరైనా నన్ను అడిగితే నేను చెప్పేది ఈ ఒక్క పేరే. పోటీలో చైనా లేకపోయినా సరే, ఆ గోల్డ్ బరువు నాకు తగ్గదు.

డబ్బు లెక్క

2026 గేమ్స్ మొదట ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో జరగాలి. 260 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు అనుకున్న ఖర్చు 600 కోట్లు దాటేలా ఉందని 2023 జులైలో వాళ్లు చేతులెత్తేశారు. అంతకుముందు దక్షిణాఫ్రికాలోని డర్బన్ నుంచి 2022 గేమ్స్ వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. అందుకే గ్లాస్గోవాళ్లు పది ఆటలు, నాలుగు వేదికలు, ఉన్న స్టేడియాలే చాలు అని ఒప్పుకున్నారు. మన దగ్గర 2010 ఢిల్లీ గేమ్స్‌లో 38 గోల్డ్‌లతో 101 మెడల్స్ వచ్చాయి, రెండో స్థానంలో నిలిచాం, కానీ ఆ గేమ్స్ అనగానే జనానికి గుర్తొచ్చేది అవినీతే.

కాబట్టి 2030కి అహ్మదాబాద్ గురించి వార్తలు చదివేటప్పుడు ఒక్క ప్రశ్న పట్టుకోండి: గేమ్స్ అయ్యాక ఆ కట్టడాల్ని ఎవరు వాడతారు? జవాబు ఎలా ఉండాలో బెంగళూరువాళ్లకి విడిగా చెప్పక్కర్లేదు. కోరమంగళలో ఎన్‌జీవీ అని పిలిచే నేషనల్ గేమ్స్ విలేజ్ 1997 జాతీయ క్రీడల కోసం కట్టినదే, ఇవాళ అక్కడ కుటుంబాలు కాపురాలు ఉంటున్నాయి. కంఠీరవ స్టేడియం ట్రాక్ మీద ఇప్పటికీ పొద్దున్నే పిల్లలు పరుగెత్తుతున్నారు. మాంచెస్టర్‌లో 2002కి కట్టిన స్టేడియం ఫుట్‌బాల్ క్లబ్ మాంచెస్టర్ సిటీకి సొంత గ్రౌండ్ అయింది. ఇలాంటి జవాబు అహ్మదాబాద్ నుంచి కూడా వస్తే నేను సంతోషంగా సమర్థిస్తాను, రాకపోతే గట్టిగా అడగాలి.

ఇక చూడటం

గ్లాస్గోకి మనం నాలుగున్నర గంటలు ముందు. అక్కడ పొద్దున పదింటికి మొదలైతే ఇక్కడ మధ్యాహ్నం రెండున్నర, సాయంత్రం ఏడింటి ఫైనల్ మనకి రాత్రి పదకొండున్నర. పొద్దున్నే ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో పడాల్సిన వాళ్లు రోజూ అర్ధరాత్రి దాకా కూర్చోలేరు, కూర్చోవద్దు కూడా. మధ్యాహ్నం సెషన్లు శని, ఆదివారాల్లో పూర్తిగా చూడండి, ఫైనల్స్‌లో మీ నోట్‌బుక్‌లో పేరున్నవాళ్లవి మాత్రం మేలుకుని చూడండి. హీట్స్ (ఫైనల్‌కి ముందు జరిగే తొలి రౌండ్లు) వదలకండి, మనవాళ్ల అసలు టెన్షన్ అక్కడే ఉంటుంది. వెయిట్‌లిఫ్టింగ్ కొత్తగా చూసేవాళ్లకి చాలా మంచి ఆట: ఒక్కొక్కరికి స్నాచ్‌లో మూడు, క్లీన్ అండ్ జెర్క్‌లో మూడు అవకాశాలు, రెండిట్లో ఉత్తమమైనవి కూడితే టోటల్. ఎవరు ఎంత బరువు పెట్టమన్నారో, ఎదుటివాళ్లని చూసి ఆఖరి నిమిషంలో ఎంతకి మార్చారో గమనిస్తుంటే చదరంగంలా ఉంటుంది.

అపార్ట్‌మెంట్‌లో పిల్లలుంటే వాళ్లతో కలిసి చూడండి, ఒక్కొక్కరికి ఒక్కో అథ్లెట్‌ని అప్పగించి అంకెలు వాళ్ల చేతే రాయించండి. వీలైతే గేమ్స్‌కి ముందో తర్వాతో కంఠీరవలో జరిగే ఏదో ఒక మీట్‌కి తీసుకెళ్లండి. 2025 జులైలో నీరజ్ చోప్రా క్లాసిక్ జరిగిందీ అక్కడే. టీవీలో హర్డిల్ ఎత్తు అంతా ఒకేలా కనబడుతుంది, గ్యాలరీలోంచి చూస్తేనే తెలుస్తుంది అది ఎంత ఎత్తుందో, ఎంత వేగంగా దాటుతున్నారో.

ఇంకొక్క పని. గ్లాస్గో అంకెల పక్కన ఒక గడి ఖాళీగా ఉంచుకోండి. గ్లాస్గో ముగిసిన ఏడు వారాల్లోపే నగోయా మొదలవుతుంది, అక్కడ వెయిట్‌లిఫ్టింగ్‌లో చైనా ఉంటుంది, బాక్సింగ్‌లో ఉజ్బెకిస్తాన్ ఉంటుంది. రెండు చోట్లా ఆడినవాళ్ల పేరు కనబడగానే రెండో అంకె ఆ గడిలో రాయండి.